పొలానికీ టెస్టింగ్ కావాలి!

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. టెస్ట్ చేయకుండా ఒక్క లైన్ కోడ్ కూడా లైవ్‌లోకి పంపను. అలాంటి నేను, కిందటేడు జూన్‌లో ఓ వీడియో చూసి, జనగామ దగ్గర మా ఊళ్లో సబ్‌సాయిలర్‌ని అద్దెకు తెప్పించేశాను.

మా పత్తి చేనులో పెద్ద వాన పడితే రెండు మూడు రోజులు నీళ్లు కదలవు. మొక్కలు పసుపు రంగుకి తిరుగుతాయి. కారణం కింద ఉన్న గట్టి పొర. ఏటా ఒకే లోతులో దున్నడం, తడి నేలలో ట్రాక్టర్ చక్రాలు తిరగడం వల్ల అడుగు మట్టి అదిమినట్టు బిగుసుకుపోతుంది. నీళ్లూ దిగవు, వేర్లూ దిగవు. సబ్‌సాయిలర్ కర్రు అడుగున్నర లోతుకి వెళ్లి, మట్టిని తిరగేయకుండానే ఆ పొరను పగలగొట్టాలి.

ట్రాక్టర్ పొగలు కక్కుతూ లాగింది. తర్వాతి వానకి చూస్తే నీళ్లు అక్కడే!

"పైసలు మట్టిల పోసినవ్ బిడ్డా" అన్నాడు బాపు.

ఎక్కడ తేడా కొట్టింది?

సాలుకి అడ్డంగా గుంత తీస్తే తెలిసింది. అప్పటికే వానలు పడి కింద మట్టి తడిగా ఉంది. కర్రు పిండిముద్దలో కత్తిలా దిగి, ఒక చీలిక మాత్రం చేసింది. మట్టి పొడిగా ఉంటేనే పగుళ్లు పక్కలకి పాకుతాయి.

ఇంకో సంగతి. ఎంత లోతైతే అంత మంచిది అనుకుంటాం కదా? కాదట! ప్రతి కర్రుకీ ఒక హద్దు లోతు ఉంటుందని స్పూర్, గాడ్విన్ అనే ఇంగ్లండ్ పరిశోధకులు 1978లోనే చూపించారు. అది దాటితే మట్టి పైకి లేవదు, పక్కలకి నొక్కుకుపోయి ఇంకా గట్టిపడుతుంది. కర్రు అడుగున రెక్కలుంటే మాత్రం ఎక్కువ వెడల్పున వదులవుతుంది.

ఈసారి పద్ధతిగా...

* వానాకాలం చివర్లో, నేల తడిగా ఉండగానే నాలుగైదు చోట్ల ఇనుప చువ్వ గుచ్చాం. అది మొరాయించిన చోటే గట్టి పొర. కర్రు దానికి కాస్త కిందికి వెళ్తే చాలు.

* ఎండాకాలంలో అడుగున్నర లోతు మట్టి తీసి అరచేతుల్లో నలిపాం. తాడులా సాగితే ఆగాలి, పొడిపొడిగా రాలితే మొదలుపెట్టొచ్చు.

* ఒక్క సాలు వేయించి ట్రాక్టర్ ఆపాం. గుంత తీసి, పగుళ్లు పక్కలకి వెళ్లాయని చూశాకే మిగతాది.

* మధ్యలో ఒక పట్టీ ముట్టుకోకుండా వదిలాం. మా ఆఫీసు భాషలో ఏ/బీ టెస్ట్.

దీని దగ్గరే గొడవ. "అది గూడ దున్నిస్తె అయిపాయె గదా, ఇడిసిపెట్టుడెందుకు?"

"రేపు నీళ్లు ఆగకపోతె అది మిషన్ తోని అయ్యిందా, వాన తక్కువ పడి అయ్యిందా ఎట్ల తెలుస్తది బాపూ?"

మొదటి పెద్ద వాన పడిన మర్నాడు వదిలేసిన పట్టీలో నీళ్లు మెరుస్తున్నాయి. అటూ ఇటూ లేవు. కానీ అన్నిటికన్నా పల్లంగా ఉన్న మూల మాత్రం ఇంకా మడుగే. దిగిన నీళ్లు బయటికి పోయే దారి లేకపోతే ఏ మిషనూ ఏమీ చేయలేదు, అక్కడ కాలువ తీయాల్సిందే. వదులైన నేలలో తడి మీద ట్రాక్టర్ తిప్పినా అంతే, పొర మళ్లీ బిగుస్తుంది.

ఇప్పుడు పక్క చేనువాళ్లు సబ్‌సాయిలర్ గురించి అడిగితే, బాపు ముందు ఇనుప చువ్వ చేతికిస్తున్నాడు.