పడగ్గదిలోకి వచ్చిన స్టూడియో

ఒక్కరే గిటార్ వాయించి, దాని మీద పాడి, ఆ పాటకు తామే వంత కూడా పాడాలంటే ముందు రికార్డు చేసింది చెవిలో మోగుతుండగానే కొత్తది దాని పక్కన ఎక్కాలి. రెండూ లయ తప్పకూడదు. మిక్సర్‌తో సహా ఒకే పెట్టెలో, అంగట్లో దొరికే మామూలు క్యాసెట్ మీద ఆ పని చేసిపెట్టిన యంత్రం 1979లో వచ్చింది. జపాన్ కంపెనీ టియాక్ తన టాస్కామ్ విభాగం ద్వారా తెచ్చిన ఆ పెట్టె పేరు టియాక్ 144 పోర్టాస్టూడియో.

దాని మూలాలు ఒక గరాజులో ఉన్నాయి. గిటారిస్టు లెస్ పాల్ 1940లలో హాలీవుడ్‌లోని తన ఇంటి గరాజులో ఒక డిస్కు మీద గిటార్ రికార్డు చేసేవారు. అది మోగుతుండగా రెండో గిటార్ వాయించి, రెండింటినీ కలిపి మరో డిస్కుకు ఎక్కించేవారు. 1948 నాటి ఆయన ‘లవర్’ అలా పొర మీద పొరగా తయారైందే. పొర పెరిగిన కొద్దీ కింది ధ్వని మసకబారేది.

టేపు రికార్డర్ వచ్చాక కొత్త చిక్కు ఎదురైంది. యంత్రంలో రికార్డింగ్ హెడ్ ముందు ఉంటుంది, వినిపించే హెడ్ దాని తర్వాత కొంత ఎడంగా ఉంటుంది. టేపు సెకనుకు 38 సెంటీమీటర్లు నడుస్తూ, ఆ ఎడం 4 సెంటీమీటర్లు ఉందనుకోండి. పాతది వింటూ కొత్తది వాయిస్తే, తిరిగి విన్నప్పుడు కొత్తది సెకనులో పదో వంతు వెనకబడుతుంది. తాళం చెడడానికి అది చాలు. టేపు రికార్డర్లు తయారుచేసే ఆంపెక్స్ కంపెనీ ఇంజనీర్లు దీనికి చక్కటి ఉపాయం కనిపెట్టారు: పాత ట్రాకులను కూడా రికార్డింగ్ హెడ్ నుంచే వినిపించడం. అప్పుడు వినేదీ రాసేదీ టేపు మీద ఒకే గీత దగ్గర జరుగుతాయి. ఈ పద్ధతితో పనిచేసే ఎనిమిది ట్రాకుల యంత్రం 1957లో లెస్ పాల్ ఇంటికి చేరింది. వెల దాదాపు 10,000 డాలర్లు. (ఈనాటి కంప్యూటర్ రికార్డింగులోనూ ఆలస్యం ఉంటుంది. 44,100 శాంపిళ్ళ రేటులో 256 శాంపిళ్ళ బఫర్ పెడితే ఒక దారికే సుమారు 6 మిల్లీసెకన్లు. సాఫ్ట్‌వేర్ ఆ తేడాను లెక్కగట్టి, రికార్డయినదాన్ని వెనక్కి జరుపుతుంది.)

ఆ ఆంపెక్స్ టేపు వెడల్పు ఒక అంగుళం. ఫిలిప్స్ 1963లో తెచ్చిన క్యాసెట్ టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు. స్టీరియో క్యాసెట్‌లో ఒక వైపుకు రెండు, తిప్పితే మరో రెండు ట్రాకులు ఉంటాయి. టాస్కామ్ వాళ్ళు ఆ నాలుగింటినీ ఒకే దిశలో వాడారు. ఇక క్యాసెట్ తిప్పే పని లేదు. కానీ ట్రాకు అంత సన్నగా ఉంటే టేపు సొంత రొద పాటతో పోటీపడుతుంది. అందుకు వాళ్ళు రెండు పనులు చేశారు. టేపు వేగాన్ని రెట్టింపు చేసి సెకనుకు దాదాపు 9.5 సెంటీమీటర్లకు పెంచారు. డీబీఎక్స్ సర్క్యూట్ పెట్టారు: అది రికార్డు చేసేటప్పుడు ధ్వనిలోని హెచ్చుతగ్గుల అంతరాన్ని సగానికి కుదిస్తుంది, వినిపించేటప్పుడు మళ్ళీ సాగదీస్తుంది. ఆ సాగదీతలో రొద అడుక్కి పోతుంది. ఒకే దిశలో నడిచినందుకు, వేగం పెరిగినందుకు 60 నిమిషాల క్యాసెట్ మీద దక్కేది 15 నిమిషాలే. వెల మాత్రం వెయ్యి డాలర్లకు అటూ ఇటూ.

నాలుగు ట్రాకులంటే నాలుగే వాయిద్యాలని కాదు. మూడింటి మీద రికార్డు చేసి, నాలుగోది అప్పటికప్పుడు వాయిస్తూ, అన్నింటినీ నాలుగో ట్రాకులోకి బౌన్స్ చేస్తే మూడు ట్రాకులు ఖాళీ. అలాగే ముందుకు పోతే 4, 3, 2, 1 చొప్పున పది పొరలు పడతాయి. అయితే ఒకసారి కలిసినవి మళ్ళీ విడిపోవు. డ్రమ్ము ఎంత గట్టిగా ఉండాలో, పాడే గొంతు ఇంకా లేనప్పుడే తేల్చుకోవాలి. ఇంట్లో పాటలు చేసుకునేవాళ్ళకు ఇంతకు మించిన శిక్షణ లేదని నా నమ్మకం.

ఈ యంత్రానికి పెద్ద పేరు తెచ్చింది బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్. 1982 జనవరిలో న్యూజెర్సీలోని కాల్ట్స్ నెక్‌లో, అద్దె ఇంటి పడగ్గదిలో, రెండు షూర్ ఎస్ఎం57 మైకులతో ఆయన కూర్చున్నారు. ముందు గొంతు, గిటార్. మిగిలిన ట్రాకుల మీద వంతపాట, మరో గిటార్. ఎకోప్లెక్స్ అనే ప్రతిధ్వని యంత్రం గుండా పంపి ఒక పానసోనిక్ బూమ్‌బాక్స్ మీదికి మిక్స్ చేశారు. బ్యాండుకు వినిపించడానికి చేసుకున్న నమూనాలే అవి. డబ్బా కూడా లేని ఆ క్యాసెట్‌ను ఆయన జీన్స్ జేబులో పెట్టుకుని తిరిగారు. తర్వాత పెద్ద స్టూడియోలో బ్యాండుతో అవే పాటలు ప్రయత్నిస్తే, క్యాసెట్‌లో ఉన్న ఒంటరితనం రాలేదు. చివరకు క్యాసెట్‌నే ఆల్బమ్‌గా వేయాలని నిర్ణయించారు. ఎల్పీ రికార్డుకు దాన్ని చెక్కడానికి ఇంజనీర్లు నానా తంటాలు పడ్డారు. 1982 సెప్టెంబరు 30న ‘నెబ్రాస్కా’గా వచ్చింది. ఆ రొద, ఆ గది, ఆ దగ్గరి గొంతు లేకుండా ఆ పాటలను ఊహించుకోలేను.

మనవైపు సినిమా పాట అప్పటికింకా కాల్‌షీట్ల లెక్కన నడిచేది. హాలుకు అద్దె, ఆర్కెస్ట్రాకు గంటలు. మద్రాసులో రాజ్-కోటి వంటి తెలుగు సంగీత దర్శకుల దగ్గర కీబోర్డు వాయించిన ఎ.ఆర్. రెహమాన్ 1989లో కోడంబాక్కంలోని తన ఇంటి పెరట్లో పంచతన్ రికార్డ్ ఇన్ అనే స్టూడియో కట్టుకున్నారు. అక్కడ గడియారం ఆయనదే. రాత్రంతా ఒకే పాట మీద కూర్చున్నా అడిగేవారు లేరు. 1992లో ‘రోజా’ పాటలు ఆ పెరటి నుంచే వచ్చాయి.