రైలు వదిలేసిన లోయలో పరుగు

అడవి, నది, వాటి మధ్య మెత్తగా సాగిపోయే బాట కలిసి కనిపిస్తే అదంతా ప్రకృతి పరిచిపెట్టిన దారే అనుకుంటాం. నిజానికి లోయల్లో నది పక్కన సహజంగా ఏర్పడే దారి పరుగుకు పనికిరావడం అరుదు. అది ఒకచోట బురద, మరోచోట బండరాళ్లు, వాన పడితే నీళ్లు. ఇంగ్లండులోని డెర్బీషైర్‌లో వై నది లోయకు వెళ్తే ఈ మాట కళ్ల ముందే రుజువవుతుంది. (వేల్స్ సరిహద్దు వెంట పారే పెద్ద వై నది వేరు. ఇది బక్స్‌టన్ నుంచి బేక్‌వెల్ వైపు పారే చిన్న నది.) ఇక్కడి చీ డేల్ అనే ఇరుకు లోయలో నది ఒడ్డునే కాలిబాట ఉంది. ఒకచోట కొండ చరియ నీళ్ల దాకా దిగిపోవడంతో నదిలో వేసిన రాళ్ల మీద అడుగులేస్తూ దాటాలి. నది పొంగితే ఆ రాళ్లు మునిగిపోతాయి. నడిచేవారికి అది సరదాగానే ఉంటుంది, పరిగెత్తేవారి చీలమండకు మాత్రం గండం. అదే లోయలో కాస్త పైన మాన్సల్ ట్రెయిల్ అనే మరో దారి ఉంది. దాని మీద కొత్తగా పరుగు మొదలుపెట్టినవారు కూడా ఆయాసం లేకుండా సాగిపోతారు. అది ఒకప్పటి రైలు మార్గం.

నా వాదన ఇది. పల్లెల్లోని అడవి లోయల్లో పరుగు బాటలు కావాలంటే చెట్లు కొట్టి కొత్తవి వేయనక్కర్లేదు. ఎప్పుడో వేసి వదిలేసిన దారులను వెతికి, వాటి మీదికి వాహనాలు రాకుండా చూసుకుంటే చాలు. మాన్సల్ చరిత్ర చూస్తే ఇది ఎందుకు కుదురుతుందో అర్థమవుతుంది. మిడ్లాండ్ రైల్వే కంపెనీ 1863లో ఈ లోయ గుండా లైను తెరిచింది. కాలక్రమంలో లండన్ నుంచి మాంచెస్టర్ వెళ్లే రైళ్లు ఇటుగానే పరుగెత్తాయి. ఆవిరి ఇంజనుకు ఎత్తు ఎక్కడం కష్టం, మరీ మలుపులున్నా కష్టమే. అందుకే ఇంజనీర్లు వాలు సుమారు నూరు అడుగులకు ఒక అడుగు దాటకుండా చూసుకున్నారు. నది వంకర తిరిగిన చోట కొండను తొలిచి సొరంగం వేశారు, పల్లం వచ్చిన చోట ఎత్తు వంతెన కట్టారు. 1968లో లైను మూతపడింది, పట్టాలు పోయాయి. ఆ వాలు మాత్రం అలాగే మిగిలింది. ఇంజనుకు అనువైన వాలు మనిషి గుండెకూ అనువైనదే. కిలోమీటర్ల కొద్దీ ఒకే ఊపున పరిగెత్తవచ్చు. అంత చదునైన దారిని ఈ రోజు కొత్తగా వేస్తామంటే కొండలు తవ్వడానికి ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

ఆ రోజుల్లోనూ కొందరు ఒప్పుకోలేదు. రెండు చిన్న ఊళ్ల మధ్య ప్రయాణం కాస్త త్వరగా సాగడం కోసం ఇంత అందమైన లోయను పాడు చేశారని రచయిత జాన్ రస్కిన్ మండిపడ్డాడు. ఆ లైను కోసం కట్టిన, ఆయన తిట్టిన హెడ్‌స్టోన్ వంతెనే ఇప్పుడు కాపాడాల్సిన కట్టడాల జాబితాలో ఉంది. దాన్ని ఫొటో తీసుకోవడానికే జనం వస్తారు. దీన్నిబట్టి రస్కిన్ పొరబడ్డాడని తేల్చేయడం తొందరపాటు. పొగ, చప్పుడు, తవ్వకాలు నిజంగానే జరిగాయి. పట్టాలు పోయాక, ఏళ్లు గడిచాక, లోయ ఆ గాయాన్ని కలుపుకుంది. సున్నపురాయిని తొలిచిన గట్ల మీద ఇప్పుడు అడవి పూలు, ఆర్కిడ్లు పూస్తాయి. పైన బూడిద రంగు రాళ్లు, చుట్టూ యాష్ చెట్లు. మిల్లర్స్ డేల్ దగ్గర పాత సున్నపు బట్టీలు, కింద క్రెస్‌బ్రుక్, లిటన్ నూలు మిల్లులు. నీటి శక్తితో నడిచిన ఆ మిల్లులను చూస్తే ఇది ఎన్నడూ మనిషి ముట్టని అడవి కాదని తెలుస్తుంది. నదీ లోయ అంటే ఎప్పుడూ పనిచేసే చోటే. పరుగు బాట అక్కడికి వచ్చిన తాజా వాడకం మాత్రమే.

అయితే మార్గం ఉన్నంత మాత్రాన సరిపోదని కూడా ఇదే కథ చెబుతుంది. ఈ లోయ ఉన్న పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్క్ బ్రిటన్‌లో మొదటిది, 1951లో ఏర్పడింది. 1980ల మొదట్లో ఆ పార్కువారు ఈ దారిని జనానికి తెరిచారు కానీ భద్రత కోసం సొరంగాలను మూసే ఉంచారు. దాంతో నాలుగు చోట్ల చదును దారి తెగి, లోయ గోడల మీదుగా ఎక్కి దిగాల్సి వచ్చేది. 2011లో సొరంగాలకు దీపాలు పెట్టి తెరిచాకే సుమారు 13.7 కిలోమీటర్ల దారి ఒక్క తీగలా కలిసింది. చక్రాల కుర్చీ, చంటిపిల్లల బండి, కొత్తగా పరుగు నేర్చుకునే యాభై ఏళ్ల మనిషి, అందరికీ ఒకే దారి. మిట్టమధ్యాహ్నం కూడా సొరంగంలో చల్లగా ఉంటుంది, పైనుంచి నీటి చుక్కలు రాలుతుంటాయి, బయటికి రాగానే కింద నది. పగటి వేళల్లోనే దీపాలు వెలుగుతాయి కాబట్టి చీకటి పడ్డాక లోపల పరిగెత్తాలనుకుంటే టార్చి ఉండాల్సిందే.

ఇంత చేసినా ఆరోగ్యానికి ప్రత్యేకంగా ఒరిగేదేమిటి, ట్రెడ్‌మిల్ మీదా అవే కాళ్లే కదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2010లో ఎసెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బ్రిటన్‌లో జరిగిన 10 అధ్యయనాలను, 1,252 మంది వివరాలను కలిపి చూశారు. పచ్చదనంలో చేసే వ్యాయామం మనసును తేలికపరుస్తుందని, మొదటి ఐదు నిమిషాల్లోనే ఆ మార్పు బాగా కనిపిస్తుందని, నీళ్లు కూడా ఉన్నచోట ఫలితం ఇంకా ఎక్కువని తేలింది. 2019లో ఇంగ్లండులో దాదాపు 20 వేల మందిని అడిగి చూసినప్పుడు, వారానికి 120 నిమిషాలైనా ప్రకృతిలో గడిపేవారు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు. కానీ ఆరోగ్యం బాగున్నవారే బయటికి ఎక్కువ వెళ్తారేమో! ఏది కారణమో, ఏది ఫలితమో ఇలాంటి లెక్కలు తేల్చలేవు. మెత్తటి నేల మోకాళ్లను కాపాడుతుందన్న నమ్మకాన్నీ జాగ్రత్తగానే వాడాలి. నేల మెత్తబడితే కాళ్లు తమ బిగువును మార్చుకుంటాయని ప్రయోగాల్లో తేలింది కాబట్టి ఆ లాభం మనం అనుకున్నంత ఉండకపోవచ్చు. నా దృష్టిలో ఇలాంటి బాటకున్న అసలు బలం వేరే ఉంది. కారు హారన్ లేదు, సిగ్నల్ లేదు, దారి తప్పే భయం లేదు. మానేయడానికి సాకులు తక్కువ.

సైకిళ్లు, గుర్రాలు, కుక్కలు, పరుగువాళ్లు ఒకే బాట మీద ఒకరినొకరు విసుక్కోవడం మామూలే. బాట వెడల్పు ఉన్నచోట కాస్త మర్యాదతో అది సర్దుకుంటుంది. గట్టిగా ఆలోచించాల్సిన అభ్యంతరం ఇంకొకటి ఉంది. ఆ లోయలో రైలును తిరిగి నడపాలని కోరేవారున్నారు. వారి మాటను కొట్టిపారేయలేం, ఎందుకంటే పరిగెత్తడానికి వచ్చేవారిలో చాలామంది కార్లలోనే వస్తారు.

ఇదంతా మనకు ఎంత వరకు వర్తిస్తుంది? నల్లమలలో దీనికి దగ్గరి పోలిక ఉంది. గుంతకల్లు వైపు మీటర్ గేజ్ లైను కోసం బ్రిటిషువాళ్లు దొరబావి వంతెన కట్టారు. బ్రాడ్ గేజ్ వచ్చాక రైలు వేరే దారి పట్టడంతో ఆ వంతెన అడవికి మిగిలిపోయింది. చూడగానే మాన్సల్ గుర్తొస్తుంది. అయినా అక్కడ పరుగు బాట వేయాలని నేను అనను. నల్లమల పులుల అడవి. మనం జాగింగ్‌కు బయలుదేరే తెల్లవారుజాము, సాయంసంధ్య వేళలే అక్కడి జంతువులు తిరిగే వేళలు. పాత దారి ఉంటే ఖర్చు తగ్గుతుంది, అడవి మీద మన హక్కు మాత్రం పెరగదు.

అందుకే మనం వెతకాల్సింది ఊళ్లకు దగ్గరగా, జనం ఇప్పటికే నడుస్తున్న చోట్ల. మూసీ నది పుట్టే వికారాబాద్ అనంతగిరి కొండల లాంటి చోట ఇలాంటి ఆలోచన మొదలుపెట్టవచ్చు. అక్కడ ముందుగా చెట్లకు గొడ్డలి తీయక్కర్లేదు, సిమెంటు పోయక్కర్లేదు. కొత్త నడకదారికి టెండరు పిలిచే ముందు, ఉన్న దారుల్లో ఒకదానికి ఉదయం తొమ్మిది దాకా వాహనాలు రాకుండా ఒక గేటు వేసి చూడవచ్చు. చుట్టుపక్కల ఊళ్లవారి బళ్లకు మినహాయింపు ఇవ్వాలి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచాక ఎవరెవరు వాడుతున్నారో లెక్క చూసి అప్పుడు నిర్ణయించుకోవచ్చు. కుదరకపోతే గేటు పీకేయడానికి ఒక పూట పని చాలు.