నిమ్మచెట్టు ఎరుగని నిమ్మ ఉప్పు

వేసవిలో నిమ్మకాయలు ప్రియమయ్యాయంటే మా ఇంట్లో షర్బత్తుకు నిమ్మ ఉప్పే గతి. మొన్న మా అమ్మ చిటికెడు నాలిక మీద వేసుకుని, "ఏరా, ఇంత ఉప్పు తీయాలంటే ఎన్ని బస్తాల కాయలు పిండాలో!" అంది. ఒక్క కాయ కూడా పిండరని చెప్పి, చిక్కులో పడ్డాను.

ఒకప్పుడు పిండేవారు. 1784లో షీలే అనే స్వీడన్ రసాయనికుడు నిమ్మరసంలోంచి ఈ ఆమ్లాన్ని స్ఫటికాలుగా వేరుచేశాడు. తరువాత ఈ వ్యాపారం ఇటలీ వారి చేతిలోకి పోయింది. సిసిలీ కాయల రసంలో సున్నం కలిపి, అడుగుకు దిగిన కాల్షియం సిట్రేటును ఓడల కెక్కించేవారు. మొదటి ప్రపంచయుద్ధం ఆ సరఫరాను దెబ్బతీసింది.

1917లో అమెరికాలో జేమ్స్ కర్రీ అనే శాస్త్రజ్ఞుడు ఒక విశేషం ప్రకటించాడు. ఉల్లిపాయ పొరల మీద మసిలాంటి నల్లబూజు మీరు చూసే ఉంటారు కదూ? ఆ బూజు (ఆస్పర్జిల్లస్ నైగర్ అని దాని నామధేయం) పంచదార నీళ్లలో పెరుగుతూ సిట్రిక్ ఆమ్లం తయారుచేస్తుంది. తమాషా ఏమిటంటే, ఆ నీళ్లు ముందే బాగా పుల్లగా ఉండాలి. ఆ పులుపులో ఇతర సూక్ష్మజీవులు బతకలేవు. మన బూజు మాత్రం నిక్షేపంలా ఉంటుంది! దానికి చక్కెర బోలెడు పెట్టాలి గాని, మాంగనీసు వంటి లోహాలు లేశమైనా ఎక్కువ కాకూడదు. ఒంటికి పట్టని చక్కెరనే అది ఆమ్లంగా మార్చి బయటికి వదులుతుంది.

1919లో ఫైజర్ కంపెనీ బ్రూక్లిన్‌లో ఈ పని మొదలుపెట్టింది. వెడల్పాటి పళ్లాల్లో పాల మీద మీగడలా బూజు కట్టేది. లోతైన తొట్లలో గాలి ఊదుతూ పెంచడం తరువాతి మాట. బూజుల పెంపకంలో గడించిన ఆ అనుభవమే 1944లో అదే ఊళ్లో పెన్సిలిన్‌ను పెద్ద ఎత్తున తీయడానికి అక్కరకొచ్చింది. ఎందరు సైనికుల ప్రాణాలు దానివల్ల నిలిచాయో!

నేడు ఏటా 20 లక్షల టన్నులకు పైగా తయారవుతోంది, అధికభాగం చైనాది. బూజును వడకట్టేసి, సున్నం కలిపి, గంధకామ్లం పోస్తే జిప్సం అడుగున ఉండిపోతుంది. పై తేటను మరిగించి ఆరబెడితే స్ఫటికాలు. మొదటి సగం సిసిలీ వారి పాత పద్ధతే సుమండీ!

అమ్మ అంతా వింది. "బూజు పుల్లనీళ్లా! మడికి పనికిరాదు. చెంబులు తోముకుంటాను" అని పొట్లం పట్టుకుపోయింది. నేను సంచీ తీసుకుని బజారుకు వెళ్లి, నిమ్మకాయల ధర అడిగి, చింతపండు కొనుక్కొచ్చాను.