మీకు తెలుసా? గరివిడి నల్లరాయి తన గుట్టు తానే చెబుతుంది!

విజయనగరం జిల్లాలో చీపురుపల్లి, గరివిడి, గర్భాం వైపు వెళ్లేవాళ్లకి మాంగనీసు రాళ్ల గుట్టలు కొత్త కాదు. చూడ్డానికి అన్నీ నలుపే! ఆ నలుపులో ఏ మూలకం ఏ మూల నక్కిందో రంగుల పటం గీసి చూపించే విద్య ఒకటుంది. దాని పేరు ఎక్స్-రే ఫ్లోరసెన్స్. దాని చుట్టూ నేను ఏరి పెట్టుకున్న వింతలు ఇవి. వరసేం లేదు, ఎక్కడినుంచైనా చదువుకోండి.

• రాయి మీద ఎక్స్-రే వేస్తే రాయి కూడా ఎక్స్-రేనే తిరిగి విసురుతుంది! పడ్డ కిరణం పరమాణువు లోపలి ఎలక్ట్రానును తన్ని తగిలేస్తే, పై వరసలోది ఆ ఖాళీలోకి దూకుతూ మిగులు శక్తిని కిరణంగా వదిలేస్తుంది. ఆ శక్తి ఏ మూలకానిది ఆ మూలకానిదే: టైటానియంది 4.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, మాంగనీసుది 5.9, ఇనుముది 6.4, జిర్కోనియంది 15.8.

• ఈ గుట్టు పట్టుకున్న హెన్రీ మోస్లీ 27 ఏళ్లకే యుద్ధంలో చనిపోయాడు! 1913లో కాల్షియం నుంచి జింకు దాకా మూలకాల కిరణాలు కొలిచి పరమాణు సంఖ్యలకు అర్థం చెప్పిన మనిషి, 1915లో గల్లిపోలి పోరులో తూటాకి బలైపోయాడు.

• పది సెంటీమీటర్ల చదరపు రాతి పలకకి పటం గీయాలంటే ఎన్ని చుక్కలు చూడాలో చెప్పగలరా? మిల్లీమీటరులో పదో వంతుకి ఒక చుక్క చొప్పున లెక్కేస్తే అక్షరాలా 10 లక్షలు! చుక్కకి సెకనులో నూరో వంతు ఆగినా మొత్తం 2 గంటల 46 నిమిషాలు పడుతుంది. చుక్కల ఎడం అయిదో వంతుకి తగ్గిస్తే మాత్రం చుక్కలు రెండున్నర కోట్లు, సమయం దాదాపు మూడు రోజులు.

• మన మాంగనీసుకి పాతకాలం నుంచీ ఒక చెడ్డపేరుంది, భాస్వరం ఎక్కువని! భాస్వరం మితిమీరితే ఉక్కు పెళుసుబారుతుంది కాబట్టి కొనేవాళ్లు ముందు అదే అడుగుతారు. ఇక్కడే పటం పనికొస్తుంది. భాస్వరం పటాన్ని కాల్షియం పటం మీద పెట్టి చూడండి. రెండూ ఒకే చోట మెరిస్తే అది అపటైట్ అనే ఖనిజం గింజ, ముక్కలు చేసి వేరుచేయొచ్చన్న ఆశ మిగులుతుంది. కాల్షియం జాడ లేకుండా మాంగనీసుతోనే భాస్వరం మెరిసిందా, అది ఖనిజంలోకే ఇంకిపోయిందన్నమాట. ఎంత దంచినా వదలదు!

• ఆ భాస్వరం కిరణం మాత్రం మహా బలహీనం. శక్తి 2 కిలో ఎలక్ట్రాన్ వోల్టులే కావడంతో రెండు సెంటీమీటర్ల గాలి దాటేలోపే సగానికి పైగా మాయమైపోతుంది. అందుకే గాలి తోడేసిన పెట్టెలోనో, హీలియం నింపిన పెట్టెలోనో రాయిని పెట్టి చూస్తారు.

• ఇంకో తమాషా, యంత్రం చూసేది రాయి పైపొరనే! మాంగనీసు ఖనిజంలో భాస్వరం కబురు ఒకటి రెండు మైక్రాన్ల లోతు నుంచే వస్తుంది, మాంగనీసు కబురు కొన్ని పదుల మైక్రాన్ల నుంచి. మన తల వెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు. పలకను అద్దంలా నునుపు చేయకపోతే పటం మీద గీతలూ గుంటలే కనబడతాయి.

• పక్కపక్క మూలకాలు యంత్రాన్నే బోల్తా కొట్టిస్తాయి! మాంగనీసు వదిలే రెండో కిరణం 6.49, ఇనుము మొదటి కిరణం 6.40, తేడా కిలో ఎలక్ట్రాన్ వోల్టులో పదో వంతు కూడా లేదు. మన ఖనిజంలో ఇనుము, మాంగనీసు రెండూ కలిసే ఉంటాయి కాబట్టి లెక్క సరిచేయకుండా గీసిన పటాన్ని నేనైతే నమ్మను.

• ఒక రాయికి మన విజయనగరం జిల్లా కోడూరు పేరే పెట్టారు! భారత భూగర్భ సర్వేక్షణ శాస్త్రవేత్త లూయిస్ ఫెర్మర్ మాంగనీసు గార్నెట్, ఫెల్డ్‌స్పార్, అపటైట్ కలిసిన ఆ రాయిని ‘కోడురైట్’ అన్నాడు. 1909లో దేశంలోని మాంగనీసు మీద ఆయన వెలువరించిన గ్రంథం వెయ్యి పేజీలు దాటింది. ఐరోపాను కాలినడకన దాటిన రచయిత పాట్రిక్ లీ ఫెర్మర్ ఈయన కొడుకే.

• గరివిడిలో దొరికిన ఒక ‘ఖనిజం’ నిజానికి రెండు ఖనిజాలు! ఫెర్మర్ ‘వ్రెడెన్‌బర్గైట్’ అని పేరు పెట్టిన, అయస్కాంతానికి గట్టిగా అంటుకునే ఈ నల్లరాయిలో హౌస్మనైట్, జాకబ్సైట్ అనే రెండు ఖనిజాలు సన్నని చారలుగా అల్లుకుపోయి ఉన్నాయని తర్వాత తేలింది. చాలినంత సన్నని కిరణంతో పటం గీస్తే, ఇనుము ఎక్కువున్న చార ఒక రంగు, తక్కువున్నది మరో రంగు.

• దెబ్బలు తిన్నకొద్దీ గట్టిపడే ఉక్కు ఉంది! మాంగనీసు 12 నుంచి 14 శాతం దాకా కలిపే ఈ హాడ్‌ఫీల్డ్ ఉక్కును రైలు పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట వాడతారు.

• శ్రీకాకుళం తీరంలోని జిర్కాన్ గింజల్లో హాఫ్నియం దాక్కుని ఉంటుంది! జిర్కాన్‌లో నూటికి ఒకటి రెండు పాళ్లు ఉండే ఈ మూలకాన్ని 1923లో కోపెన్‌హాగన్‌లో కోస్టర్, హెవెషీ పట్టుకున్నదీ ఎక్స్-రే కిరణాలతోనే.

• కళింగపట్నం, భావనపాడు ఇసుకలో నల్లగా మెరిసేదాంట్లో ఇల్మనైట్ ఉంది. పటంలో టైటానియం, ఇనుము రెండూ కలిసి మెరిస్తే ఇల్మనైట్, టైటానియం ఒక్కటే మెరిస్తే రూటైల్.

• మాంగనీసు డయాక్సైడ్ బరువులో 37 శాతం ఆక్సిజనే, అయినా చేత్తో పట్టుకునే యంత్రానికి అది కనబడదు! తేలిక మూలకాల కిరణాలు మరీ నీరసం, దారిలోనే ఆగిపోతాయి.

• మాంగనీసు కిరణం ఇనుము నుంచి పుడుతుందంటే నమ్ముతారా? ఇనుము-55 అనే రేడియోధార్మిక రకం తన ఎలక్ట్రానును తానే మింగి మాంగనీసుగా మారుతూ 5.9 కిరణం వదులుతుంది, దాంతోనే ఎక్స్-రే డిటెక్టర్లను సరిచూసుకుంటారు.

• చిత్రకారుడు వాన్ గో గీసిన బొమ్మ ఒకదాని కింద దాగిన పల్లెటూరి స్త్రీ ముఖాన్ని 2008లో ఇదే విద్య బయటపెట్టింది. రంగుల్లోని పాదరసం, ఆంటిమొని పట్టిచ్చాయి.

• చంద్రయాన్-2లో ఎక్స్-రే గొట్టం లేదు, ఆ పని సూర్యుడు చేస్తాడు! సూర్యుడి ఎక్స్-రేలకు చంద్రుడి నేల వదిలే కిరణాలను, 100 కిలోమీటర్ల ఎత్తు నుంచి 12.5 కిలోమీటర్ల ముక్కలుగా ‘క్లాస్’ అనే పరికరం చదువుతుంది. అక్కడా మాంగనీసు కనబడింది, గరివిడి లారీలు మాత్రం అంత దూరం పోనక్కర్లేదు లెండి!

ఇక పిల్లలకో పరీక్ష. భావనపాడు ఇసుకలో ఒక నల్ల గింజ ఏరి యంత్రం కింద పెడితే 4.5 దగ్గర, 6.4 దగ్గర రెండు పెద్ద శిఖరాలు లేచాయి. ఏమిటా గింజ? జవాబు పైనే ఉంది, వెతుక్కోండి!