గాజుతొట్టిలో కొండగెడ్డ

అరకులోయలో ఏ దిక్కునకు నడచినను ఏదో యొక గెడ్డ అడ్డుపడును. అడుగుననున్న ఇసుకరేణువులు కూడ లెక్కింపవచ్చునన్నంత తేటగా ఆ నీరు పారుచుండును. అందులో చేపలున్నవి, పీతలున్నవి, నాచు కలదు. ఒడ్డునగల చెట్ల ఆకులు రాలి అందే కుళ్లుచున్నవి. అయినను నీరు చెడదు. అదే నీటిని తెచ్చి, ఆ గెడ్డలోని చేపలనే నాలుగింటిని గాజుతొట్టిలో వదలినచో వారము తిరుగకుండ నీరు మసకబారి చేపలు చచ్చును. మా కళాశాల ప్రయోగశాలలో మొదటిసారి జరిగినది ఇదే. అప్పుడొక విద్యార్థి, "మాస్టారూ, గెడ్డలో చేపలకు నీరు మార్చేవారెవరండీ?" అని అడిగినాడు. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు సమాధానము.

చేప తిన్న మేతలోని మాంసకృత్తులు ఖర్చుకాగా మిగిలిన నత్రజని అమ్మోనియా రూపమున, ముఖ్యముగా మొప్పలద్వారా, నీటిలోనికి వచ్చును. తినక మిగిలిన మేతయు, కుళ్లిన ఆకులును అమ్మోనియానే యిచ్చును. ఇది చేపకు విషము. దీనిని మార్చు సూక్ష్మజీవులు ప్రకృతిలో కలవు. మొదటి అంచెలో అమ్మోనియా నైట్రైటుగా మారును. ఇదియు విషమే; రక్తమునకు ఆమ్లజనిని మోయు శక్తిని తగ్గించును. రెండవ అంచెలో నైట్రైటు నైట్రేటుగా మారును. ఇది కొద్దిపాటిగా నున్నంతవరకు చేపకు హానిచేయదు, మొక్కలకు ఎరువు. ఈ సూక్ష్మజీవులు చాలవరకు రాతిని, ఇసుకను అంటిపెట్టుకొని పలుచని పొరగా పెరుగును. గెడ్డలోని రాయిని పట్టుకొన్నప్పుడు చేతికి జారుడుగా తగులు పొరలో ఇవియు నుండును. మేము నీటిని తెచ్చితిమి, చేపలను తెచ్చితిమి. రాళ్లను మాత్రము విడిచి వచ్చితిమి!

ఈ విషయము తెలిసివచ్చిన చరిత్రలో ఒక చక్కని ముచ్చట కలదు. లండనులో రాబర్టు వారింగ్టను అను రసాయనశాస్త్రజ్ఞుడు బంగారుచేపలను, వాలిస్నేరియా అను నీటిమొక్కను, కుళ్లిన ఆకులను తిను నత్తలను ఒకే తొట్టిలో నుంచి, నీరు మార్చకయే అవి బ్రతుకుట గమనించి, 1850లో ప్రకటించెను. మొక్క చేపకు ఆమ్లజనిని, చేప మొక్కకు బొగ్గుపులుసు వాయువును ఇచ్చుకొనుననునది ఆయన లెక్క. ఆ లెక్కలో సూక్ష్మజీవులు లేవు. ఆ లోటును పూరించిన వారిలో ఒకడు ఆయన కుమారుడే. తండ్రి పేరే గల ఆతడు, నేలలో అమ్మోనియా మార్పు రెండంచెలుగా, రెండు వేర్వేరు సూక్ష్మజీవులచే జరుగునని చూపెను. 1890 ప్రాంతమున రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ వాటిని వేరుచేసి పెంచెను. రెండంచెలను ఒకే జీవి పూర్తిచేయుటయు కలదని 2015లో తెలిసినది. అది దొరికిన తావులలో చేపల పెంపకపు వడపోత ఒకటి!

కనుక మనకు కావలసినది గెడ్డ అడుగునకు బదులుగా పనిచేయు ఒక తావు. అదియే సంపు. ఇండ్లముందు నేలలో కట్టు నీటిసంపు అందరెరిగినదే. ఇది తొట్టి క్రిందనుంచు చిన్న గాజుసంపు. మా తొట్టి పొడవు 90, వెడల్పు 40, ఎత్తు 45 సెంటీమీటర్లు. నిండుగా నింపిన 162 లీటర్లు పట్టును. పైయంచు దగ్గర పళ్లుగల పలకమీదుగా పొర్లిన నీరు గొట్టముద్వారా సంపులోనికి దిగును. సంపులో మూడు గదులు. మొదటి గదిలోని స్పాంజి చెత్తను పట్టును. రెండవ గదిలో పెంకుముక్కలు, గులకరాళ్లు నింపవలెను, సూక్ష్మజీవుల కాపురమిక్కడనే. మూడవ గదిలోని చిన్న మోటారు గంటకు 500 మొదలు 800 లీటర్ల నీటిని తిరిగి పైకి పంపును.

మొక్కలున్న తొట్టిలో మరియొక సంగతి గమనింపవలెను. బొర్రా గుహల కప్పునుండి వ్రేలాడు సున్నపు ఊడలను చాలమంది చూచియుందురు. బొగ్గుపులుసు వాయువు కరిగిన నీరు సున్నపురాతిని కరగించుకొని వచ్చి, గుహలోని గాలి తగులగానే ఆ వాయువును విడుచును. అప్పుడు సున్నము పేరుకొనును. సంపులోను అంతే. నీరు ఎత్తునుండి చిందుచు పడినచో మొక్కలకు ఆహారమైన ఆ వాయువు గాలిలో కలిసిపోవును. కావున దిగు గొట్టము కొనను సంపునీటిలో మునిగియుండునట్లు అమర్చి, పెంకుముక్కలను నీటిలోనే యుంచవలెను. తొట్టిలో వేయు రాతిపై నిమ్మరసము చుక్క వేయుడు. నురుగు వచ్చినచో అది సున్నపురాయి. నీటిని కఠినము చేయును గనుక వలదు.

మా రెండవ పొరపాటు లెక్కలోనిది. ఒక వానరాత్రి విద్యుత్తు పోయినది. తెల్లవారునప్పటికి గది నిండ నీరు. మోటారు ఆగగానే, నీటిమట్టమునకు 7 సెంటీమీటర్ల క్రింద మూతిగల పైగొట్టము నీటిని వెనుకకు లాగినది. 90ని 40తోను, 7తోను హెచ్చింపగా 25,200 ఘన సెంటీమీటర్లు, అనగా 25 లీటర్ల పైచిలుకు. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు గల సంపులో పైన 10 సెంటీమీటర్లు మాత్రమే ఖాళీ. అందు పట్టునది 18 లీటర్లు. మిగిలిన 7 లీటర్లు నేలపాలైనవి. నీటిమట్టమునకు కొంచెము క్రిందుగా ఆ గొట్టమునకు చిన్న రంధ్రము చేసితిమి. మట్టము అంతవరకు దిగగానే గాలి చొరబడి నీరు దిగుట ఆగును. ఆ రంధ్రము పాచిపట్టి మూసికొనకుండ వారమున కొకసారి చూచుచుండవలెను.

తొట్టి అడుగున ఎరువు కలుపని మట్టిని రెండు సెంటీమీటర్ల మందమున, దానిపై కడిగిన ముతక ఇసుకను నాలుగు సెంటీమీటర్ల మందమున పరచి, వాలిస్నేరియా, హైడ్రిల్లా వంటి మొక్కలను నాటవలెను. దీపము దినమునకు ఎనిమిది గంటలు చాలును. ఎక్కువైన పాచి పెరుగును. చేపలను వెంటనే వదలరాదు. సూక్ష్మజీవులు నిలద్రొక్కుకొనుటకు సాధారణముగా నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. అరకు శీతకాలములో ఇంకను ఆలస్యము కావచ్చును. ఆరోగ్యకరమైన పాత తొట్టి వడపోతలోని స్పాంజిముక్క తెచ్చి వేసిన త్వరపడును. వాటికి ఆహారముగా రోజును చిటికెడు మేత వేయుచు, అమ్మోనియా, నైట్రైటు రెండును కనబడనప్పుడే రెండు మూడు చేపలతో మొదలిడవలెను. స్పాంజిని కుళాయినీటితో కడుగకుడు. అందలి క్లోరిను సూక్ష్మజీవులను చంపును. తొట్టినుండి తీసిన నీటితోనే పిండవలెను.

చివరిమాట. తొట్టిమీద మోజు తీరినవారు చేపలను, మొక్కలను గెడ్డలో పారబోయుట కలదు. ఇది దయ కాదు. అలంకారమునకై పరదేశమునుండి తెచ్చిన గుర్రపుడెక్క మన చెరువులను ఎట్లు కప్పివేసినదో అందరమెరుగుదుము. తొట్టిపాచిని తినునని కొను దక్షిణ అమెరికా చేప నేడు మన జలాశయములలో చేరి, జాలరుల వలలను చించుచు దెయ్యపుచేప యను పేరు తెచ్చుకొన్నది. కొండగెడ్డ దిగువ ఊళ్లకు త్రాగునీరు, పొలములకు సాగునీరు. మన తొట్టికి గెడ్డ పాఠము చెప్పినది. మన తొట్టిలోనిది గెడ్డకు చేరకుండ చూచుటయే మనము చెల్లింపదగిన గురుదక్షిణ.