మనసుకు నచ్చడం అంటే...

"అమ్మాయి నచ్చిందా?"

పెళ్ళిచూపులు ముగించుకుని ఆటో ఎక్కగానే అమ్మీ కొడుకును అడిగే మొదటి ప్రశ్న ఇది. నచ్చితే నచ్చిందంటాడు, లేకపోతే తల దించుకుంటాడు. ఎందుకు నచ్చింది అని గట్టిగా అడిగితే మాత్రం జవాబు దొరకదు. "ఏమో, అలా అనిపించింది" అంటాడు. అటువైపు ఇంట్లో అమ్మాయిని ఆ ఒక్క ప్రశ్న అడిగేవాళ్ళు కూడా చాలాసార్లు ఉండరు. "కుర్రాడికి ఉద్యోగం ఉంది, ఖాందాన్ మంచిది, ఇంకేం కావాలి?" అని పెద్దలే ప్రశ్న వేసి, పెద్దలే జవాబు చెప్పేసుకుంటారు.

అసలు ఒక మనిషి వైపు మనసు ఎందుకు మొగ్గుతుంది? ఇది సినిమాలకు వదిలేయాల్సిన విషయం కాదు. పెళ్ళీడుకొచ్చిన పిల్లలున్న ప్రతి ఇంటికీ సంబంధించినది. పరిశోధకులు ఏం కనుగొన్నారో, మన ధర్మం ఏం నేర్పిందో పక్కపక్కన పెట్టి చూద్దాం.

చూడగా చూడగా...

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో జేమ్స్ బొసార్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త 5,000 వివాహ లైసెన్సులను పరిశీలించి 1932లో ఫలితాలు ప్రకటించారు. పెళ్ళికి దరఖాస్తు చేసుకున్న జంటల్లో దాదాపు మూడోవంతు ఒకరికొకరు అయిదు వీధుల దూరంలోపే నివసిస్తున్నారు. ఎక్కడో పుట్టిన ఇద్దరిని ప్రేమ కలుపుతుందని కథలు చెబుతాయి. లెక్కలు మాత్రం పక్క వీధినే చూపించాయి.

1992లో మరో ప్రయోగం జరిగింది. నలుగురు యువతులు ఒక కళాశాల తరగతికి వచ్చి కూర్చునేవారు. ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. ఒకరు 15 సార్లు, ఒకరు 10 సార్లు, ఒకరు 5 సార్లు వచ్చారు. ఒకరు అసలు రాలేదు. చివరలో విద్యార్థులకు ఆ నలుగురి ఫొటోలు చూపిస్తే, ఎక్కువసార్లు వచ్చినవారే ఎక్కువ ఆకర్షణీయంగా కనిపించారు. కళ్ళకు అలవాటైన ముఖం మనసుకూ దగ్గరవుతుందన్నమాట. కళాశాలలో, ఆఫీసులో రోజూ కనిపించే మనిషిపై ఇష్టం కలిగితే "ఇది నా నసీబు" అని మన పిల్లలు వెంటనే తీర్మానించుకోనక్కర లేదు. అందులో అలవాటు పాలు ఎంతో కూడా చూసుకోవాలి.

గుండె దడ చేసే మోసం

కెనడాలోని వాంకోవర్ దగ్గర కపిలానో అనే లోతైన లోయ మీద ఊగిసలాడే వంతెన ఒకటి ఉంది. 1974లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, ఆ వంతెన మీదున్న యువకులను ఒక యువతి కొన్ని ప్రశ్నలు అడిగి తన ఫోన్ నంబరు ఇచ్చింది. తక్కువ ఎత్తులో ఉన్న గట్టి వంతెన మీది యువకులకూ అలాగే ఇచ్చింది. తర్వాత ఆమెకు ఫోన్ చేసినవారిలో ఎక్కువమంది ఊగే వంతెన వాళ్ళే. భయంతో కొట్టుకున్న గుండెను వారు ఆమె మీది ఇష్టంగా పొరబడ్డారని పరిశోధకులు వివరించారు. పెద్దలకు తెలియకుండా, దొంగచాటుగా సాగే పరిచయాల్లో ఆ దడ ఎలాగూ ఉంటుంది. దాన్నే ప్రేమ అనుకుని జీవితాన్ని పణంగా పెట్టడం ఎంతవరకు సబబు?

ఊయలలో ఇచ్చిన మాట

పిల్లలకు చెప్పాల్సింది చెప్పాం. ఇక పెద్దలు వినాల్సింది ఒకటుంది. "ఖాలా కొడుకే కదా, చిన్నప్పటి నుంచి ఒకే ఇంట్లో ఆడుకున్నారు, ఇంకా నచ్చకపోవడం ఏమిటి?" అని మనం తేలిగ్గా అనేస్తుంటాం. ఆర్థర్ వుల్ఫ్ అనే పరిశోధకుడు తైవాన్‌లోని ఒక పాత ఆచారాన్ని ఏళ్ళ తరబడి అధ్యయనం చేశారు. కాబోయే కోడలిని పసిబిడ్డగా ఉన్నప్పుడే తెచ్చుకుని, కొడుకుతో పాటు పెంచి పెళ్ళి చేసేవారు. పెద్దయ్యాక కోడలిగా వచ్చిన వారితో పోలిస్తే ఆ జంటలకు సంతానం తక్కువ, విడాకులు ఎక్కువ. పసితనంలో కలిసి పెరిగినవారి మధ్య తోబుట్టువుల భావమే బలపడుతుందని ఆయన తేల్చారు.

దగ్గరి బంధువుల పెళ్ళిళ్ళన్నీ ఇలాగే అవుతాయని కాదు. వేర్వేరు ఊళ్ళలో పెరిగినవారి సంగతి వేరు. కానీ ఒకే కప్పు కింద పెరిగిన అమ్మాయి "నాకు అతను భాయిజాన్ లాంటివాడు" అంటే అది మొండితనం కాదని గ్రహించాలి.

ధర్మం చూపిన దారి

మన ధర్మం మనసును తోసిపుచ్చమని చెప్పలేదు. హజ్రత్ ముగీరా బిన్ షూబా (రజి) పెళ్ళి చేసుకోదలచిన స్త్రీని ముందుగా చూసుకోమని దైవప్రవక్త (స) సలహా ఇచ్చారు. దాని వల్ల ఇద్దరి మధ్య అనురాగం నిలుస్తుందని కారణం కూడా చెప్పారు.

హజ్రత్ బరీరా (రజి) ఉదంతం మనందరం గుర్తుంచుకోవాల్సినది. ఆమె బానిసత్వం నుంచి విముక్తి పొందాక, భర్త ముగీస్‌తో ఉండాలా వద్దా అని నిర్ణయించుకునే హక్కు వచ్చింది. ఆమె వద్దనుకుంది. అతను కన్నీళ్ళతో మదీనా వీధుల్లో ఆమె వెంట తిరిగాడు. దైవప్రవక్త (స) జాలిపడి ఆమెతో మాట్లాడారు. ఇది మీ ఆజ్ఞా అని ఆమె అడిగింది. కాదు, సిఫారసు మాత్రమేనన్నారు. అయితే నాకు అతని అవసరం లేదంది. ఆ మాటను ఆయన మన్నించారు. స్వయంగా దైవప్రవక్త (స) బలవంతం చేయని చోట మనమెవరం బలవంతం చేయడానికి?

అలాగని కంటికి నచ్చిందే చాలని కూడా ధర్మం అనలేదు. ఆస్తి, వంశం, అందం, ధర్మనిష్ఠ అనే నాలుగింటిని చూసి స్త్రీని పెళ్ళాడతారని, ధర్మనిష్ఠ కలిగిన ఆమెకే ప్రాధాన్యమివ్వాలని హదీసు బోధిస్తుంది. హజ్రత్ ఖదీజా (రజి) ఏం చూశారు? తన సరుకుతో సిరియా వెళ్ళిన యువకుని నిజాయితీని చూశారు. వెంట వెళ్ళిన సేవకుడు మైసరా ద్వారా ఆయన నడవడి తెలుసుకున్నారు. ఆ తర్వాత స్నేహితురాలి ద్వారా తానే కబురు పంపారు. ఆమె ఇష్టానికి పునాది అప్పటికే పరీక్షకు నిలిచిన గుణం.

డేవిడ్ బస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 33 దేశాల్లో పది వేల మందికి పైగా స్త్రీపురుషుల అభిప్రాయాలు సేకరించి 1989లో ఫలితాలు ప్రచురించారు. పురుషులు అందానికి, స్త్రీలు సంపాదనకు కొంత ఎక్కువ విలువ ఇచ్చారు. అయినా దయ, తెలివి ఇద్దరి జాబితాలోనూ పై వరసలోనే నిలిచాయి. మరి మన రిష్తాల మాటల్లో మొదట వచ్చేవి రంగు, కట్నం ఎందుకవుతున్నాయి? కుర్రాడికి దయ ఉందా, కోపం వస్తే ఎలా ఉంటాడు అని ఎంతమందిమి వాకబు చేస్తున్నాం?

ఈసారి చూపులకు వెళ్ళి వచ్చాక "నచ్చిందా?" అనే ప్రశ్నను రెండు ఇళ్ళలోనూ అడుగుదాం. అమ్మాయిని ఒంటరిగా కూర్చోబెట్టి, బంధువుల హడావుడి లేని వేళ, "వద్దు" అన్నా కోపగించుకోమని మాట ఇచ్చి అడుగుదాం. అప్పుడు ఆమె మౌనం అంగీకారమో, భయమో మనకు తప్పకుండా తెలుస్తుంది.