హార్మోనియపు మెట్లు – సూక్ష్మస్వరములు

మొదట నా తప్పొకటి చెప్పుకొనెదను. ముప్పదియేండ్ల క్రిందట నొక బాలునకు నాటకపద్యము నేర్పుచుంటిని. వాఁడు అంతరగాంధారమును నా హార్మోనియముకంటెఁ గొంచెము తగ్గించి పాడెడివాఁడు. “శ్రుతి తప్పితివిరా!” యని నలుగురిలో మందలించితిని. వాఁడు మరల నా యెదుటఁ బాడలేదు. తప్పు వానిది కాదు, పెట్టెది.

ఎట్లనిన వినుఁడు. షడ్జమునుండి తారషడ్జమువఱకుఁ గల స్థాయిని 1200 సూక్ష్మభాగములుగా నెంచుదము. హార్మోనియమునఁ బండ్రెండు మెట్లును సమానములు. ఒక్కొక్కదానికి 100 భాగములు. తంబుర తీఁగలో సహజముగాఁ బలికెడి పంచమము 702, పెట్టెలో 700. ఈ భేదము చెవికిఁ దోఁపదు. కాని తీఁగలో వినవచ్చెడి అంతరగాంధారము 386, పెట్టెలో 400! పదునాలుగు భాగములు హెచ్చు. బాలుని చెవి తంబురను బట్టినది.

మెట్లను పెంచరాదా యందురేమో. ఆక్స్‌ఫర్డు పండితుఁడు బోసాంక్వె 1870-80 సంవత్సరముల నడుమ నదియే చేసెను. స్థాయిని 53 సమభాగములు చేసినచో, 31వ భాగమునఁ బంచమము దాదాపు సహజముగనే నిలుచును. 17వ భాగమున గాంధారము 385కుఁ జేరును. మరి యిన్ని మెట్లు వరుసగాఁ బేర్చిన నే చేయి యందుకొనును? అతని నేర్పంతయు నిచ్చటనే యున్నది. మెట్లను మేడమెట్లవలె నొకదానివెనుక నొకటి యెత్తుగా నమర్చెను. పంచమమునుండి పంచమమునకుఁ బోవుకొలఁది మెట్టు కొంచెము వెనుకకు జరుగును. పండ్రెండు పంచమములు గడచిన పిదప బయలుదేఱిన మెట్టునకు సరిగా వెనుకకు వత్తుము. స్వర మొక భాగము హెచ్చును. ఒక్కొక్క స్థాయికి 84 మెట్లు. కొన్ని స్వరములు రెండుచోట్ల నుండును. ఇందుచే నే షడ్జమును బట్టినను వ్రేళ్ళ యమరిక యొక్కటియే. మన పెట్టెలో శ్రుతి మార్చినచో వ్రేళ్ళకు మరల నక్షరాభ్యాసమే గదా!

వ్రాఁతయు సులభమే. స్వరాక్షరమునకు ముందు పైకి వాలిన గీఁత యున్న నొక భాగము హెచ్చు, క్రిందికి వాలినచోఁ దగ్గు. నాలుగు పంచమము లెక్కి వచ్చెడి గాంధారము 18వది. దానికిఁ గ్రిందిగీఁత పెట్టిన 17వది, అనఁగా మన బాలుని గాంధారము, వచ్చును.

మన దేశమున క్లెమెంట్సు, దేవల్ అనువారు 22 శ్రుతుల హార్మోనియము చేయించిరి. అది వాడుకలో నిలువలేదు. ఎన్ని మెట్లున్నను స్వరమునుండి స్వరమునకు జాఱెడి గమకము మెట్లకుఁ జిక్కదు. ఈ రేడియోలోనే 1940లో హార్మోనియమును నిషేధించి 1971లో సడలించిరి.

పల్లెనాటకమునకు 84 మెట్ల పెట్టె రాదు. కావున నేఁ బద్యము నేర్పునపుడు షడ్జపంచమములు మాత్రమే పట్టుచున్నాను. గాంధారముపై వ్రేలు పెట్టుట మానితిని.